టౌరంగాలో బడి తెరిచారు

మన తెలుగునాట బడి తెరవడమంటే జూన్ నెలే గుర్తుకొస్తుంది. రోహిణీ కార్తె ఎండలు తగ్గుముఖం పట్టి, మృగశిర ప్రవేశించి, నాలుగు తొలకరి చినుకులు పడేసరికి పిల్లలు కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ కూర్చుంటారు. న్యూజీలాండులో ఈ లెక్క తలకిందులు. ఇక్కడ డిసెంబరు నడిమికి బడులు మూసేస్తారు. క్రిస్మసు, కొత్త సంవత్సరం, సముద్రపు ఒడ్డున గుడారాలు వేసుకుని గడిపే రోజులు అన్నీ ఒకే వేసవి సెలవుల్లో వచ్చేస్తాయి. మళ్ళీ జనవరి ఆఖరి వారంలోనో, ఫిబ్రవరి మొదటి వారంలోనో, ఎండ మండిపోతూ ఉండగానే బడి తెరుస్తారు. సంక్రాంతి ముగ్గులు వేసిన పదిహేను ఇరవై రోజులకే కొత్త తరగతి అన్నమాట. తెరిచారో లేదో ఫిబ్రవరి 6న వైటాంగి దినమని ఒక సెలవు. మావోరీ నాయకులకూ బ్రిటిష్ రాణి ప్రతినిధికీ 1840లో ఒడంబడిక కుదిరిన రోజది.

ఈ ఏడు మా అమ్మాయి ఇక్కడ హైస్కూలులో, అంటే తొమ్మిదో ఇయర్లో చేరింది. పదమూడేళ్ళ పిల్లలు చేరే క్లాసు అది. అక్కడి నుంచి పదమూడో ఇయరు దాకా సెకండరీ చదువు. చేరింది ఒక క్రైస్తవ విద్యాలయంలో. మేము క్రైస్తవులం కాము. మన సంఘంలో పిల్లలున్న కుటుంబాలు కొన్ని ఇదే ఆలోచనలో ఉన్నాయనీ, కలిసినప్పుడల్లా మమ్మల్ని అడుగుతున్నారనీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందు ఊరి సంగతి చెప్పాలి. ఆక్లండు నుంచి ఆగ్నేయంగా సుమారు రెండు వందల కిలోమీటర్లు వచ్చి, కైమాయి కొండలు దిగితే టౌరంగా. దేశంలోకెల్లా ఎక్కువ సరుకు ఎగుమతీ దిగుమతీ అయ్యే రేవు ఇదే. చుట్టుపక్కల కివీ పళ్ళ తోటలు. ఆ తోటల్లో మన పంజాబీ సోదరులు ఎంతోమంది కనిపిస్తారు గాని, తెలుగు మాట వినబడడం తక్కువ. రేవు మొగలో మౌఆవో అనే కొండ ఉంది. ఎత్తు 232 మీటర్లే అయినా నలుదిక్కుల నుంచీ కనబడుతుంది. పూర్వం ఆ కొండకు పేరే లేదట. తాను వలచిన కొండ మరొక కొండకు దక్కిందన్న దుఃఖంతో, తనను సముద్రంలో ముంచేయమని అడవి దేవతలను బతిమాలుకుందట. వాళ్ళు రాత్రంతా తాళ్ళతో లాగి ఒడ్డుకు చేర్చేసరికి తెల్లవారిపోయింది, కొండ అక్కడే నిలిచిపోయింది. వేకువ వెలుగుకు చిక్కినది అని ఆ పేరుకు అర్థం. మన స్థలపురాణాలు విన్నవాళ్ళకు ఈ కథ కొత్తగా ఉండదు.

ఊరికి పడమటి పక్క బెత్లెహేము అనే పేట ఉంది. మావోరీలు దాన్ని పెతెరెహెమా అంటారు. వాళ్ళ భాషలో బకారమూ లకారమూ లేవు. మన పల్లెల్లో స్టేషను టేసను అయినట్టు, బైబిల్లోని ఊరి పేరు వాళ్ళ నోట అలా తిరిగింది. ఆ పేటలోనే 1988లో బెత్లెహేము కాలేజీ మొదలైంది. ఏ ఒక్క చర్చికీ చెందనిది, అన్ని శాఖల క్రైస్తవులకూ సంబంధించినది. ఇక్కడ కాలేజీ అంటే హైస్కూలే సుమా. ఊరికి దక్షిణంగా పైస్ పా అనేచోట 2003లో తెరిచిన అక్వినాస్ కాలేజీ ఉంది. అది కాథలిక్కులది. ఏడో ఇయరు నుంచి మొదలవుతుంది. ఇవి కాక ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరుగానూ, కలిపీ ప్రభుత్వ హైస్కూళ్ళు ఉన్నాయి. మా అమ్మాయి ఏ బడిలో చేరిందో పేరు చెప్పవలసిన పని లేదు. ఇక్కడ రాసేది ఒక బడి గురించి కాదు, ఒక పద్ధతి గురించి.

ఆ పద్ధతి ఇది. 1877లోనే న్యూజీలాండు ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం, మతంతో సంబంధం లేనిది అని చట్టం చేసింది. మత సంస్థల బడులు, ముఖ్యంగా కాథలిక్కు బడులు, సొంత డబ్బుతో నడిచేవి. దాదాపు వందేళ్ళు అలా నెట్టుకొచ్చి, 1970ల నాటికి ఖర్చులు భరించలేక మూతపడే స్థితికి వచ్చాయి. అప్పుడు 1975లో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. మత సంస్థల బడులు ప్రభుత్వ వ్యవస్థలో కలవవచ్చు, పంతుళ్ళ జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది, ప్రభుత్వ పాఠ్యప్రణాళికే చెప్పాలి. అయితే బడికి ఉన్న ప్రత్యేక స్వభావం, అంటే దాని మత వాతావరణం, చెక్కు చెదరకుండా కాపాడుకోవచ్చు. భవనాలూ స్థలమూ మాత్రం సంస్థవే. వాటి కోసం తల్లిదండ్రుల దగ్గర హాజరు రుసుము అని కొంత వసూలు చేసుకుంటారు. ఈ ఏర్పాటు ఇప్పుడు 2020 నాటి విద్యా చట్టంలో భాగంగా ఉంది.

వినగానే మనకు ఎయిడెడ్ బడులు గుర్తొస్తాయి. నిజమే, పోలిక ఉంది. 1854లో చార్లెస్ వుడ్ పంపిన తాఖీదుతో మన దేశంలో గ్రాంటు పద్ధతి వచ్చింది. కాని ఒకచోట రెండు దేశాల దారులు వేరయ్యాయి. మన రాజ్యాంగంలో 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ సహాయం పొందే బడిలో చదివే పిల్లవాణ్ణి, అతని సమ్మతి లేకుండా, మైనరైతే పెద్దల సమ్మతి లేకుండా, మతబోధకు గాని ప్రార్థనకు గాని రమ్మని నిర్బంధించడానికి వీల్లేదు. ఇక్కడ అలా కాదు. బడి ప్రత్యేక స్వభావానికి సంబంధించిన కార్యక్రమాల్లో పిల్లలు పాల్గొంటారని తల్లిదండ్రులు చేర్పించేటప్పుడే ఒప్పుకోవాలి. ఇష్టం లేకపోతే పక్కనే ప్రభుత్వ బడి ఉంది గదా అని ఇక్కడివాళ్ళ వాదన. దానిలోనూ న్యాయం లేకపోలేదు.

సీట్లలో అధిక భాగం ఆ మతంతో సంబంధం ఉన్న కుటుంబాలకే. మిగిలినవారికి కొద్ది సీట్లే, అవీ ఖాళీ ఉంటేనే. దరఖాస్తులో ఏ చర్చికి వెళతారు అని ఒక గడి ఉంటుంది. మేము ఆ గడిలో వెళ్ళము, హిందువులము అని రాశాము. అలా రాస్తే సీటు రాదనీ, ఏదో ఒక చర్చికి నాలుగు ఆదివారాలు వెళ్ళి పాదిరిగారి చేత ఉత్తరం రాయించుకుంటే సరిపోతుందనీ మాకు సలహా ఇచ్చినవాళ్ళు లేకపోలేదు. సలహా ఇచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పిల్లల చదువు కోసం మనవాళ్ళు చేయని పని ఉండదు. కాని ఆ దరఖాస్తు మా అమ్మాయి కూడా చదువుతుంది. సత్యం నేర్పమని పంపే బడిలోకి అబద్ధం చేత్తో పట్టుకుని వెళ్ళమనడం మాకు సబబుగా తోచలేదు. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాలుగారు సూటిగానే అడిగారు, మా బడిలో రోజూ ప్రార్థన ఉంటుంది, బైబిలు పాఠం ఉంటుంది, మీకు సమ్మతమేనా అని. వింటుంది, పాడుతుంది, పరీక్ష రాస్తుంది, నమ్మకం మాత్రం ఆమె పెద్దదై తేల్చుకుంటుంది అన్నాము. ఆయన తల ఊపి, అంతకన్నా మేమూ ఎవరి చేతా చేయించలేము అన్నారు. నవంబరులో సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది.

ఈ సంగతి తెనాలిలో ఉన్న అమ్మాయి నాన్నమ్మగారికి చెప్పడానికి కొంచెం జంకాము. ఫోనులో విని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "బొట్టు పెట్టుకోనిస్తారుటే అమ్మడూ?" అని. చిన్న బొట్టుకు అభ్యంతరం లేదన్నారని అమ్మాయి చెప్పింది. "అయితే ఇంకేం? నేనూ మిషను బడిలోనే చదివా. బైబిలు పరీక్షలో నాకు ఫస్టు ప్రైజు వచ్చింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని శుక్రవారం పూజ చేసుకునేదాన్ని," అన్నారావిడ. మా జంకు ఎగిరిపోయింది. మనకు ఈ అనుభవం కొత్తది కాదన్న సంగతి ఆవిడే గుర్తుచేశారు.

నిజానికి టౌరంగాకూ బందరుకూ ఒక చుట్టరికం ఉంది. లండనులోని చర్చి మిషనరీ సొసైటీ ఒకే కాలంలో రెండు ఊళ్ళకూ మనుషులను పంపింది. 1838లో ఆల్ఫ్రెడ్ బ్రౌన్ టౌరంగాలో తే పాపా అనే చోట మిషను నెలకొల్పుకుని స్థిరపడ్డాడు. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు బందరులో ఓడ దిగారు. 1843లో నోబుల్ అక్కడ బడి తెరిచాడు. అదే నేటి నోబుల్ కాలేజీ. 1847లో పూర్తయిన బ్రౌన్ ఇల్లు టౌరంగాలో ఇప్పటికీ ఉంది. ఎల్మ్స్ అంటారు. తోట మధ్యన తెల్లటి చెక్క ఇల్లు. బడి తెరిచే ముందు ఆదివారం అమ్మాయిని తీసుకుని చూసి వచ్చాము.

ఆ ఇంట్లో ఒక భోజనాల బల్ల ఉంది. 1864 ఏప్రిల్ 28 రాత్రి బ్రిటిషు సైన్యాధికారులు కొందరు బ్రౌన్ దంపతుల ఇంట్లో విందు చేశారు. మర్నాడు, 29న, కొద్ది దూరంలోని పుకెహినహినా దగ్గర, ఇంగ్లీషులో గేట్ పా అంటారు, యుద్ధం జరిగింది. సుమారు 1,700 మంది బ్రిటిషు సైనికుల ఎదుట మావోరీలు 230 మంది దాకా ఉన్నారు. పొద్దుటి నుంచి ఫిరంగులతో కొట్టి, సాయంత్రం లోపలికి చొరబడిన సైన్యం కందకాల్లో చిక్కి చావుదెబ్బ తిన్నది. విందు తిన్నవారిలో చాలామంది ఆ రోజు పోయారు. గుండ్ల మధ్య క్షతగాత్రులకు చికిత్స చేసినందుకు విలియం మాన్లీ అనే సైనిక వైద్యుడికి విక్టోరియా క్రాసు ఇచ్చారు. వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళం కనుక ఆయన పేరు దగ్గర మేము కాసేపు ఆగాము. కాని అమ్మాయి ఆగింది మరొకరి దగ్గర. హెని తె కిరి కరము అనే మావోరీ స్త్రీ ఆ కోటలో తుపాకి పట్టి పోరాడింది. రాత్రి గాయపడి పడి ఉన్న శత్రువు దాహమని మూలిగితే నీళ్ళు తెచ్చి తాగించింది. యుద్ధంలో పాటించవలసిన నియమాలను హెనారె తరాతోవా అనే మావోరీ క్రైస్తవుడు ముందే రాసిపెట్టాడు. మిషను బళ్ళలో చదివి, ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు. శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టు, దప్పిగొంటే నీళ్ళివ్వు అన్న బైబిలు నీతి ఆ కాగితంలో ఉంది. జూన్ 21న తే రంగా యుద్ధంలో అతను చనిపోయాడు.

బడి చెప్పిన పాఠాన్ని, బడి పెట్టినవాళ్ళ సైన్యం మీదే ఆచరించి చూపారన్నమాట. కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. యుద్ధం తరువాత ప్రభుత్వం మావోరీల భూములు జప్తు చేసింది. మావోరీల మేలు కోసమని మిషను కొని ఉంచిన తే పాపా స్థలంలో ఎక్కువ భాగాన్ని కూడా 1867లో, ఒత్తిడికి లొంగి, ప్రభుత్వానికి అప్పగించారు. నేటి టౌరంగా నగరం నడిబొడ్డు దాని మీదనే ఉంది. ఆ పనికి ఆంగ్లికన్ చర్చి 2018లో ఆ తెగలవారికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. చదువు ఇచ్చినదీ, నేల పోవడానికి కారణమైనదీ ఒకే చెయ్యి. ఈ ఊళ్ళో క్రైస్తవ బడిలో పిల్లను చేర్చేవాళ్ళు రెండూ తెలుసుకుని చేర్చడం మంచిదని మా అభిప్రాయం.

బందరు కథలోనూ గాలివాన ఉంది. 1852లో నోబుల్ బడి విద్యార్థులు ఇద్దరు క్రైస్తవం పుచ్చుకున్నారు. ఊరు అట్టుడికిపోయింది, తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు, బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి పిల్లలు మళ్ళీ వచ్చారు. ఇంగ్లీషు చదువు మీద ఆశ భయాన్ని గెలిచింది. తరువాతి తరాల్లో అలాంటి కాలేజీల నుంచి క్రైస్తవులు కాని ఎందరో పెద్దలు వచ్చారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు బ్రహ్మసమాజ నాయకులై, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలై, సంఘసంస్కరణకు జీవితం ధారపోశారు. అదే కళాశాలలో చదివిన పట్టాభి సీతారామయ్యగారు బందరులో వైద్యం చేసి, కాంగ్రెసు చరిత్ర రాశారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పినవారు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు. పోయినదేమీ లేదు, పొందినది చాలా ఉంది.

అయితే ఒక్క తేడా మరచిపోకూడదు. బందరులో బడి గేటు దాటితే ఊరంతా మనదే. గుడి గంట, హరిదాసు పాట, వీధి నాటకం, అమ్మమ్మ కథ అన్నీ పిల్లవాడి చుట్టూ ఉండేవి. టౌరంగాలో గేటు దాటితే మిగిలేది మా ఇల్లొకటే. అక్కడ ఊరు చేసిన పని ఇక్కడ ఇల్లు చేయాలి.

మొదటి రోజు కొత్త పిల్లలకు మావోరీ పద్ధతిలో స్వాగతం చెప్పారు. పోఫిరి అంటారు. తల్లిదండ్రులమూ పిల్లలమూ గేటు దగ్గర గుంపుగా నిలబడ్డాము. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలిచింది. ఆ పిలుపును కరంగా అంటారు. అది పాటా కాదు, ఏడుపూ కాదు, విన్నవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. వచ్చినవాళ్ళనే గాక, వాళ్ళ వెనక వచ్చే గతించిన పెద్దలను కూడా ఆ పిలుపులో తలుచుకుంటారట. పితృదేవతలను తలవకుండా మనం మాత్రం ఏ శుభకార్యం చేస్తాము? తరువాత ఉపన్యాసాలు, ప్రతి ఉపన్యాసానికీ ఒక పాట, ఏసు పేరున మావోరీ భాషలో ప్రార్థన. చివర వరసగా నిలబడి ముక్కుకు ముక్కు ఆనించి ఊపిరి పంచుకోవడం, ఆపైన టీ, బిస్కత్తులు. పరాయి దేవుణ్ణి తెచ్చుకుని కూడా తమ పెద్దలను వదలకుండా ఎలా నిలుపుకోవచ్చో ఆ మావోరీ పెద్దావిడ పిలుపు చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పలేదు.

కొన్ని పనికివచ్చే సంగతులు. ఇక్కడి వేసవి ఎండను మన ఎండతో పోల్చి తేలిగ్గా తీసుకోకండి. వేడి తక్కువే గాని అతినీలలోహిత కిరణాలు చాలా ఎక్కువ. గాలి శుభ్రంగా ఉండడం, దక్షిణార్ధగోళపు వేసవిలో భూమి సూర్యుడికి కాస్త దగ్గరగా రావడం దీనికి కొన్ని కారణాలు. మెలనోమా అనే చర్మపు క్యాన్సరు ప్రపంచంలో ఎక్కువగా కనిపించేది ఈ దేశంలోనూ ఆస్ట్రేలియాలోనూ. మన చాయ కొంత రక్షణ ఇస్తుంది, పూర్తిగా కాదు. మొదటి టర్మంతా టోపీ, ముఖానికి రాసుకునే క్రీము తప్పనిసరి అనుకోండి. మధ్యాహ్నం హోటలు భోజనం, క్యారేజీలు లేవు. పిల్లలు గడ్డి మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్నది తింటారు. మా అమ్మాయి మొదటి వారం బ్రెడ్డు పట్టుకెళ్ళి, రెండో వారానికి పులిహోరకు దిగింది. ఇప్పుడు రెండు డబ్బాలు పెట్టవలసి వస్తోంది, ఒకటి స్నేహితులకు. పరీక్షలు పదకొండో ఇయరు నుంచి ఎన్.సి.ఇ.ఎ. అనే పద్ధతిలో మూడు మెట్లుగా ఉంటాయి. 2002లో వచ్చిన ఈ పద్ధతిని తీసివేసి కొత్తది పెట్టాలన్న ప్రతిపాదనను ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రకటించింది. చిన్న పిల్లలున్నవారు ఆ మార్పును గమనిస్తూ ఉండాలి.

ఇక అసలు మాట. అమ్మాయి మొదటి వారంలోనే తనకు తానే ఒక ఏర్పాటు చేసుకుంది. "పాటలన్నీ పాడతాను. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటాను. ఎవరికి చెప్పుకుంటానో నా ఇష్టం," అంది. మేము సరేనన్నాము. మార్చిలో ఒక రాత్రి అన్నం తింటూ చెయ్యి ఆపి, "క్రీస్తును నమ్మినవాళ్ళకే మోక్షమని క్లాసులో చెప్పారు. మరి తాతయ్య?" అని అడిగింది. వాళ్ళ తాతగారు పోయి ఏడాదిన్నర అయింది. చివరి రోజుల్లో విష్ణు సహస్రనామం వింటూ పోయారు.

రోజూ మరణాన్ని చూసే వృత్తి మాది. క్రైస్తవులు, హిందువులు, ఏ నమ్మకమూ లేనివాళ్ళు, అందరూ ఆఖరి గడియలో ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలనుకోవడమే చూశాము. అదే చెప్పాము. ఇదే ప్రశ్న మర్యాదగా మీ టీచరుగారిని కూడా అడుగు అన్నాము. మర్నాడు అడిగింది. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, నేను నమ్మేది నేను చెప్పాను, కాని మీ తాతగారి సంగతి తేల్చే అధికారం నాకు లేదు, అది దేవుడిది అన్నారట. మాకు ఆ జవాబు నచ్చింది. ఒప్పుకున్నామని కాదు, ఆవిడ నిజాయితీగా చెప్పారని. నాన్నమ్మగారు ఫోనులో తన మాట చెప్పారు, "ఏ రేవులో దిగినా గోదావరే తల్లీ," అని. రెండు మాటలూ అమ్మాయి దగ్గర ఉన్నాయి. తేల్చుకోవడానికి తనకు ఏళ్ళున్నాయి.

ఉగాది ఇక్కడ ఆకులు రాలే కాలంలో వస్తుంది. వేపపువ్వు దొరకదు. బందరు నుంచి పొట్లం కట్టి పంపిన ఎండు పువ్వుతోనే పచ్చడి చేసుకున్నాము. ఆదివారం పొద్దుట గంట సేపు తెలుగు చదవడం, రాయడం మా ఇంట్లో నియమంగా పెట్టాము. టౌరంగాలోనూ చుట్టుపక్కలా ఉన్న మనవాళ్ళ పిల్లలు ఎవరు వచ్చినా సంతోషమే. పలక మేమే ఇస్తాము.